పాత సాఫ్ట్‌టాప్ ఫోర్‌బైఫోర్ కొనాలి: 2018 థారా, 2021 థారా, జిప్సీయా?

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. పైకప్పు తీసి తిరగగలిగే ఫోర్‌బైఫోర్ (నాలుగు చక్రాలూ లాగే బండి) ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుందామనుకుంటున్నాను. బండికి 9 లక్షలు, ఆపైన టైర్లకీ కాగితాలకీ ఇంకో లక్ష. అంతకు మించి నావల్ల కాదు. రోజువారీకి ఇంట్లో స్విఫ్టు ఉంది కాబట్టి ఇది ఆఫీసుకి తిప్పే బండి కాదు. గోకవరం అవతల మాకు జీడితోట ఉంది. చివరి 2 కిలోమీటర్లు ఎర్రబంక, వానాకాలంలో ట్రాక్టరే దిగబడుతుంది. చలికాలంలో మారేడుమిల్లి వైపు సరదాగా. నేనూ, మా ఆవిడా, ఆరేళ్ల పాప.

ఇప్పటికి మూడు కంటపడ్డాయి. కాకినాడలో 2018 మహీంద్రా థార్ సీఆర్‌డీఈ (డీజిల్), 62 వేలు తిరిగింది, పెద్ద టైర్లు, ఇనుప బంపరు, విన్చి (దిగబడితే తాడుతో గుంజే యంత్రం) అన్నీ వేసి ఉన్నాయి, 7.40 లక్షలు అంటున్నాడు. విజయవాడలో 2021 థార్ ఏఎక్స్ ఆప్షనల్, పెట్రోలు, మాన్యువల్, కన్వర్టిబుల్ టాప్, 38 వేలు తిరిగింది, 8.25కి ఇచ్చేస్తానంటున్నాడు. హైదరాబాద్‌లో 2007 మారుతి జిప్సీ, మిలిటరీ వేలంలో తీసుకున్నదట, 3.20. మనసు జిప్సీ మీద, కళ్లు కాకినాడ బండి మీద, మా ఆవిడ వేలు విజయవాడ బండి మీద. పెద్దలు దారి చూపించండి.

ఓరుగల్లు డీజిల్ (హనుమకొండ)

తమ్మీ, నేను 2017 సీఆర్‌డీఈ నడుపుతున్న. అందుకే పాత థార్ గురించి జర గట్టిగ చెప్తా.

థార్ 2010 అక్టోబర్ల వచ్చింది. డీఐ, సీఆర్‌డీఈ అని రెండు రకాలు. డీఐ 63 హార్స్‌పవర్, దాంట్ల టూవీల్ డ్రైవ్ గూడ అమ్మిన్రు. సీఆర్‌డీఈ 2.5 లీటర్ డీజిల్, 105 హార్స్‌పవర్, 247 న్యూటన్ మీటర్లు. నీకు సీఆర్‌డీఈనే కావాలె, డీఐ దిక్కు చూడకు. అండ్ల గూడ 2015 జులై తర్వాతిదే తీసుకో. అప్పుడు డాష్‌బోర్డు మారింది, అసలు ముచ్చటేందంటే వెనక యాక్సిల్‌కు ఈటన్ కంపెనీ లాకింగ్ డిఫరెన్షియల్ వచ్చింది. ఒక చక్రం ఉత్తగ తిరుగుతుంటే దానంతట అదే ఠక్కుమని లాకైతది, రెండు చక్రాలు కలిసి గుంజుతయ్. నీ ఎర్రబంకల దాని విలువ తెలుస్తది. ఆ లాకర్ లేని పాత బండికి వెనక ఒక చక్రం గాలిల లేస్తే పక్కది గుంజది.

ఇగ కష్టం గూడ చెప్పాలె. వెనక ఆకు స్ప్రింగులు, ఖాళీగ పోతే నడుములు కదుల్తయ్. ఏసీ ఉన్నది, మే నెలల దాని పని అంతంతే. గేర్‌బాక్స్ టన్నెల్ నుంచి వేడి కాళ్లకు కొడ్తది. సాఫ్ట్‌టాప్ ఉంటే 80 దాటినంక పక్కన మనిషి మాట ఇనపడది. ఇయన్నీ తెలిసి కూడ నేను అమ్మను, అది వేరే ముచ్చట.

సీమ బండి (అనంతపురం)

ఏమప్పా, ఎవురూ అడగరేమి? మన ఎండల్లో టాప్ తీసి తిరిగేది ఏడాదిలో ఎన్ని రోజులు? మార్చి నించి జూన్ దాకా తీస్తే మాడిపోతావు. జూలై నించి అక్టోబర్ దాకా వాన. మిగిలిన నాలుగు నెలల కోసం గుడ్డ టాపు పెట్టుకుని ఏడాదంతా దుమ్ము తినాలంటావా? సాఫ్ట్‌టాప్ బండిలో బ్యాగ్ పెట్టి టీ తాగేదానికి పోలేవు, బ్లేడు ఉంటే చాలు దొంగకి. హార్డ్‌టాప్ థార్ చూడు, లేదంటే జిమ్నీ చూడు. జిమ్నీ ఇప్పుడు సెకండ్స్‌లో బాగానే దొరుకుతాండాది, లో రేంజ్ (బురదలో మెల్లగా, బలంగా లాగే గేరు) ఉంది, ఇంట్లో వాళ్లు కూడా సుఖంగా కూర్చుంటారు.

గోదారిగట్టు

సీమ అన్నా, లెక్కలో మీదే పైచేయి, ఒప్పుకుంటాను. కానీ తోటలో తీసుకెళ్లడానికి మాత్రమే అయితే మా నాన్నగారి ట్రాక్టరుంది. టాప్ తీసి మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలన్నదే కోరిక. ఆ నాలుగు నెలలే నాకు కావాలి. జిమ్నీకి టాప్ ఊడదు కదా.

సీమ బండి

సరేలే, కోరికకి మందు లేదు. కొనుక్కో. దుమ్ము గురించి మాత్రం మళ్లీ నా దగ్గర మొత్తుకోవద్దు.

ఆటోనగర్ మస్తాన్ (విజయవాడ)

బాబూ, ముందు ఆ విజయవాడ బండి సంగతి. 2020 అక్టోబరు 2న థార్ కొత్త మోడల్ వదిలినప్పుడే ప్రారంభ ధర షోరూములో 9.80 లక్షలు, అదీ అన్నిట్లో చిన్న రకానికి. 38 వేలు తిరిగిన కన్వర్టిబుల్‌ని ఎవడన్నా 8.25కి ఇస్తున్నాడంటే వాడు దానకర్ణుడన్నా అయ్యుండాలి, లేకపోతే 2024 సెప్టెంబరులో బండి ఎక్కడుందో అడగాలి. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి గుర్తుందా? ఆ నీళ్లలో మునిగిన బండ్లు ఇన్సూరెన్సు వాళ్లు తీసేశాక చేతులు మారి, కడుక్కుని, సీటు కవర్లేసుకుని మళ్లీ రోడ్డెక్కాయి.

మామూలు కారయితే కార్పెట్ లేపితే ఒండ్రు కనబడుద్ది. థార్‌తో చిక్కేందంటే దాని ఫ్లోరు కడుక్కోడానికే చేశారు, అడుగున నీళ్లు పోయే బిరడాలుంటాయి. మంచి సౌకర్యమే, కానీ మునిగిన బండిని శుభ్రం చేసేవాడికి కూడా అంతే సౌకర్యం. కాబట్టి ఫ్లోరు చూసి మోసపోబాకు. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగు, చివరి జానెడు మీద మట్టి చార ఉందేమో చూడు. సీటు కింద పట్టాల బోల్టులు తుప్పుపట్టాయా? హెడ్‌లైటు లోపల సన్నటి బురద గీత? డాష్‌బోర్డు కింద వైరింగ్ జాయింటు ఒకటి ఊడదీసి లోపల పిన్నులు పచ్చగా మారాయేమో చూడు. స్పీకర్ జాలీ వేలితో తడుము. ఇవి కడిగినా పోవు.

బండి నెంబరు ఇక్కడ పెట్టొద్దు, నాకు మెసేజ్ పెట్టు. దగ్గరే కాబట్టి నేనే పోయి చూసొస్తా.

కాగితాల రాయుడు (హైదరాబాద్)

మస్తాన్ గారి మాటకి చిన్న చేర్పు. ఇన్సూరెన్సు చరిత్ర అడగండి. 2024 సెప్టెంబరు తర్వాత పాలసీలో ఖాళీ ఉందా, నో క్లెయిమ్ బోనస్ ఒక్కసారిగా సున్నా అయిందా అన్నది పాలసీ కాపీలోనే కనిపిస్తుంది. ఆ బోనస్ ఓనరుది, బండిది కాదు. "మీకూ వస్తుంది సార్" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక కాకినాడ బండి. పెద్ద టైర్లు, ఇనుప బంపరు, విన్చి అన్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. ముందు తగిలించే బుల్‌బార్లని కేంద్రం 2017 డిసెంబరులోనే నిషేధించింది. రోడ్డు మీద జరిమానా ఒక ఎత్తు. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్లు ఈ మార్పుల్ని చూపించి క్లెయిమ్ ఆపడం ఇంకో ఎత్తు. రంగు మార్చారా, ఆర్‌సీలో రంగు మారిందా అన్నది కూడా చూసుకోండి.

ఓరుగల్లు డీజిల్

రాయుడు సార్ చట్టం చెప్పిండు, నేను బండి దిక్కు నుంచి చెప్తా. అంత సామాను ఎక్కించినోడు బండిని ఇంట్ల నిలవెట్టి పూజ చేయడు. విన్చి ఉన్నదంటే ఎక్కడనో ఇరికిండు. ఇరికిండంటే గుంజిండు, గుంజితె ఛాసిస్ మీద పడ్తది. నువ్వు ఏ సామాను లేని, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బండి కోసం ఆగు. సామాను తర్వాత నీకు నచ్చినట్టు ఎక్కించుకోవచ్చు. దాన్ని చూసి పైసలు ఎక్కువ పెట్టకు.

ఇంకోటి, టైర్లు. నాలుగూ ఒకటే సైజు, ఒకటే అరుగుదల ఉండాలె. ముందు రెండు కొత్తయి, వెనక రెండు పాతయి ఉంటే ఫోర్‌వీల్ వేసినప్పుడల్లా ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు బలం పంచే పెట్టె) మీద భారం పడ్తది. టైరు పక్కన నాలుగంకెలుంటయ్, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2216 అని ఉంటే 2016 మే ఆఖరుది అన్నట్టు.

ఉప్పుగాలి (విశాఖపట్నం)

జిప్సీ గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను వస్తున్నాను. మా ఇంట్లో మా వారి కంటే నేనే ఎక్కువ నడుపుతాను దాన్ని.

మారుతి 1985లో దించింది. అప్పుడు 970 సీసీ, 45 హార్స్‌పవర్. 1996లో 1.3 లీటరు ఇంజనుతో జిప్సీ కింగ్. 2000లో ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేకుండా పెట్రోలు చిమ్మే పద్ధతి) వచ్చాక 80 హార్స్‌పవర్. మీరు చూసిన 2007ది ఎంపీఎఫ్ఐ అయ్యుండాలి. బానెట్ ఎత్తి కార్బురేటర్ కనబడితే ఇంజను మార్చినట్టే, అక్కడే వెనక్కి తిరగండి. బరువు టన్నుకి కాస్త తక్కువే, బురదలో దాని బలం అదే. థార్ దిగబడే చోట ఇది తేలికగా పైకొస్తుంది. అద్దం ముందుకి మడిస్తే ఆ ఆనందం ఇంకే బండికీ లేదు.

తుప్పు మాత్రం మామూలుగా ఉండదు. మా తీరంలో బండి అయితే మరీను. మ్యాట్లు లేపి ఫ్లోరు, అద్దం ఫ్రేము అడుగు, వెనక డోరు అతుకులు, బాడీ ఛాసిస్ మీద కూర్చునే రబ్బర్ల చుట్టూ చూడండి. చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. అంటుకోని చోట పుట్టీ పెట్టి రంగు కొట్టినట్టు. బీచ్‌లో తిప్పామని గొప్పగా ఫోటోలు చూపించే అమ్మకందారుకి దండం పెట్టి వచ్చేయండి. భీమిలిలోనైనా సూర్యలంకలోనైనా ఉప్పునీళ్లు ఆకు స్ప్రింగుల మధ్యకి వెళ్తే పైనుంచి ఎంత కడిగినా పోవు. కాకినాడ బండికి కూడా ఇదే వర్తిస్తుంది.

ముందు చక్రాల హబ్ లాకులు చేత్తో తిప్పేవి. రెండూ తిరుగుతున్నాయా చూసుకోండి, బిగుసుకుపోతే ఫోర్‌వీల్ లివరు వేసినా ముందు చక్రాలు లాగవు. ఎదురుగా గుంతలు తగిలాక స్టీరింగ్ గజగజ వణికితే కింగ్‌పిన్ బేరింగులు, స్ప్రింగు బుష్‌లు పోయాయని.

ఇంత చెప్పి కూడా మీకు జిప్సీ వద్దంటాను. కంపెనీ ఏసీ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు, వెనక ఎదురెదురు బెంచీలు. ఆరేళ్ల పాపని ఘాట్ రోడ్డులో పక్కకి తిరిగిన బెంచీ మీద కూర్చోబెట్టకండి.

గోదారిగట్టు

అక్కా, ఆ చివరి మాట మా ఆవిడకి చదివి వినిపించాను. జిప్సీ జాబితాలోంచి పోయింది.

కాగితాల రాయుడు

పోయినా ఒక ముక్క చెప్పాలి, ఇంకెవరికైనా పనికొస్తుంది. 2007 బండికి 15 ఏళ్లు 2022లోనే నిండాయి. ఆర్‌సీ రెన్యువల్ అయిందా చూడాలి. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన వాటికి 10,000 చేశారు. ప్రతి అయిదేళ్లకీ మళ్లీ ఇదే తంతు. మిలిటరీ వేలం బండికి వేలం కాగితాల్లోని ఛాసిస్, ఇంజను నెంబర్లు, బండి మీద చెక్కినవీ, ఆర్‌సీలోవీ మూడూ ఒకటే కావాలి. ఒక్క అంకె తేడా ఉన్నా డబ్బు ఇవ్వకండి. హర్యానాలోని మండీ డబ్వాలీ వైపు నుంచి వచ్చే అతుకుల జీపులకైతే ఈ తనిఖీ రెండింతలు అవసరం. కొత్తగా మెరిసిపోతూ ఉంటుంది, ఆర్‌సీ మాత్రం ఎప్పటిదో వేరే జీపుది.

ప్లేనో పంతులు (టెక్సస్)

ఇక్కడ నా దగ్గర 2014 జీప్ రాంగ్లర్ ఉంది, సాఫ్ట్‌టాప్. ఇండియాలో దాని ధర అందుకోలేం కాబట్టి బండి సంగతి వదిలేస్తున్నాను, గుడ్డ టాపు ఏ దేశంలోనైనా ఒకటే.

ప్లాస్టిక్ కిటికీలు దుమ్ముతో ఉండగా చుట్టకండి, లోపలి ఇసుక గీతలు పెట్టేస్తుంది. ముందు నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డ మధ్యలో వేసి చుట్టాలి. డాష్‌బోర్డు పాలిష్ వాటి మీద రుద్దితే తొందరగా పసుపెక్కుతాయి. జిప్పులకి అప్పుడప్పుడు మైనం రాయండి. కొనేటప్పుడు మాత్రం ప్రతి జిప్పూ మీరే స్వయంగా వేసి తీయండి. అమ్మేవాడు "కొంచెం టైటుగా ఉంది అంతే" అంటే పళ్లు పోయాయని అర్థం.

రంపచోడవరం రైడర్ (కొత్త సభ్యుడు)

బ్రో నా దగ్గర ఫుల్లీ లోడెడ్ థార్ ఉంది, 37 ఇంచుల టైర్లు, సైరన్, ఎల్ఈడీ బార్లు నాలుగు. ఫోన్ చెయ్

[ఫోన్ నెంబరు తీసేశాం. అమ్మకాలకి వేరే విభాగం ఉంది. నిర్వాహకులు]

సీమ బండి

సైరన్ ఎందుకప్పా, అంబులెన్సా?

ఆటోనగర్ మస్తాన్

ఆ విజయవాడ బండి చూసొచ్చా. వాడు చాలా మర్యాదగా మాట్లాడాడు, టీ కూడా ఇప్పించాడు. డ్రైవరు బెల్టు పూర్తిగా లాగితే మడతలో బూడిదరంగు చార. స్టీరింగ్ కింద వైరింగ్ పిన్నులు పచ్చగా ఉన్నాయి. అడుగున ఛాసిస్‌కి కొత్తగా నల్లరంగు కొట్టారు, వాసన కూడా ఇంకా పోలా. గేర్‌బాక్సు ఆయిలు బాగుంది, మార్చారు కాబట్టి. వెనక డిఫరెన్షియల్ ప్లగ్గు ఊడదీయనివ్వలా. వదిలెయ్ బాబూ.

ఈ సందర్భంగా పరీక్ష ఎట్టా చెయ్యాలో రాస్తా, నువ్వు వేరే బండి చూసేటప్పుడు పనికొస్తుంది.

పొద్దున్నే వెళ్లు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు. నువ్వు వస్తున్నావని తెలిసి ముందే వేడి చేసి ఉంచితే బానెట్ మీద చెయ్యి పెడితే తెలిసిపోద్ది. స్టార్టు చెయ్యగానే పొగ రంగు చూడు. డీజిలయితే మొదట్లో కాస్త నల్లగా రావచ్చు, తెల్లగా ఆగకుండా వస్తే ఖర్చు.

ఫోర్‌వీల్ పరీక్ష తారు రోడ్డు మీద చెయ్యబాకు. ఈ బండ్లలో ముందు వెనక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. గట్టి రోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి మలుపు తిప్పితే లోపల మెలిక పడి పళ్లు అరుగుతాయి. మట్టి నేల కావాలి, కృష్ణా ఒడ్డున ఇసుక దొరికితే ఇంకా మంచిది. ముందు నేరుగా పోతూ 4హెచ్ (ఫోర్‌వీల్ మామూలు గేరు) వెయ్యి. చిన్నగా పూర్తి మలుపు తిప్పు, స్టీరింగ్ బిగుసుకున్నట్టు, బండి కుంటుతున్నట్టు అనిపించాలి. అట్టా అనిపించకపోతే ముందు చక్రాలకి బలం పోవట్లేదు. తర్వాత బండి ఆపి, క్లచ్ తొక్కి 4ఎల్ (ఫోర్‌వీల్ లో రేంజ్). మొదటి గేరులో చిన్న దిబ్బ ఎక్కించి, యాక్సిలరేటర్ ఒక్కసారి వదిలి మళ్లీ తొక్కు. రెండు మూడు సార్లు అట్టా చేస్తే, అరిగిన ట్రాన్స్‌ఫర్ కేస్ అయితే లివరు దానంతటదే బయటికి దూకుద్ది. దూకిందా, బేరం అక్కడితో అయిపోయింది. ఆ రిపేరు ఎంతవుద్దో లోపల తెరిస్తేగాని ఎవడూ చెప్పలేడు.

లాకర్ పరీక్షకి వెనక ఒక చక్రాన్ని గుంటలో దించి, టూవీల్‌లోనే మెల్లగా తొక్కు. చక్రం గిర్రున తిరిగి వెంటనే ఠక్‌మని పట్టుకోవాలి. ఆ శబ్దం చూసి భయపడొద్దు, అది దాని పని.

ఆయిలు. రెండు డిఫరెన్షియళ్లు, ట్రాన్స్‌ఫర్ కేస్, మూడింటి ప్లగ్గులూ ఊడదీయించి వేలు ముంచు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లెక్కాయి, వాగులు దాటిన బండి. ప్లగ్గు చివర అయస్కాంతం మీద సన్నటి నల్లపొడి మామూలే, ఇనుప ముక్కలు కనిపిస్తే కాదు. ప్లగ్గు తీయనివ్వని వాడి దగ్గర బండి తీసుకోకూడదు. నా మటుకు నేను ఇంకేం చూడను.

ఛాసిస్ కింద పడుకుని చూడాలి. తుప్పుని పాత తుప్పుగా ఉంచినవాడు మంచివాడు. వర్షాలు వెలిశాక అమ్మడానికి ముందే నల్లరంగు కొట్టినవాడు ఏదో దాస్తున్నాడు. సుత్తితో చిన్నగా కొట్టు, టంగుమంటే ఇనుము, దబ్బుమంటే రంగు కింద ఏమీ లేదు. వెల్డింగు కొత్త అతుకులు, స్ప్రింగుల్లో విరిగిన ఆకు, యూ బోల్టుల దగ్గర జరిగిన గుర్తులు. ముందు ప్రొపెల్లర్ షాఫ్టు పట్టుకుని ఊపు, టకటక మంటే యూజే క్రాసులు (షాఫ్టు కీళ్లు) పోయాయి. అది పెద్ద ఖర్చేం కాదు, బేరంలో తగ్గించుకోవచ్చు.

గోదారిగట్టు

మస్తాన్ బాబాయ్, మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియట్లేదు. కాకినాడ బండి నేను స్వయంగా వెళ్లి చూశాను. అయస్కాంతం ఎడమవైపు అడుగు పలక మీద అస్సలు అంటుకోలేదు. 4ఎల్ పరీక్ష అడిగితే "ఇక్కడ మట్టి నేల లేదు సార్" అన్నాడు. కాకినాడలో మట్టి నేల లేదట!

ఇప్పుడు మిగిలిన ప్రశ్న. లాకర్ ఉన్న, మార్పులు లేని 2016, 2017 పాత థార్ వెతకాలా, లేక కొత్త మోడల్ కోసం కాస్త ఎక్కువ పెట్టాలా?

ఉప్పుగాలి

పాప ఉంది కాబట్టి కొత్త మోడలే. పాత థార్‌లో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ 2019లో గానీ రాలేదు. కొత్తదానికి రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, వెనక ముందుకి తిరిగిన సీట్లు, వాటికి పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్, లోపల రోల్‌కేజ్. 2020 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ల ప్రమాద భద్రత పరీక్షలో పెద్దలకీ పిల్లలకీ 4 స్టార్లు వచ్చాయి. టాప్ తీసినప్పుడు తలమీద ఉండేది ఆ కేజ్ ఒక్కటే, అది తీసేసిన బండి అయితే చూడనే వద్దు.

ఓరుగల్లు డీజిల్

పాత థార్ నడిపేటోన్ని నేనే చెప్తున్న, అక్క చెప్పింది కరెక్టు. పెట్రోల్ మస్తు గుంజుతది కానీ తాగుడు గూడ అట్లనే ఉంటది. వారానికోసారి తిరిగేటోనికి పెట్రోలే నయం. డీజిల్ బీఎస్6 బండ్లల పొగ ఫిల్టర్ ఉంటది, చిన్న చిన్న దూరాలే తిప్పితె అది మూసుకపోతది. ఒకవేళ డీజిల్ చూస్తే, 2020 సెప్టెంబర్ 7 నుంచి డిసెంబర్ 25 మధ్యల తయారైన 1,577 బండ్లను క్యామ్‌షాఫ్ట్ కోసం కంపెనీ వెనక్కి పిలిచింది. ఛాసిస్ నెంబర్ చెప్పి ఆ పని అయిందా సర్వీస్ సెంటర్ల అడుగు.

ఇంకో మోసం ఉన్నది. అమ్మేటోళ్లు అన్నింటినీ సాఫ్ట్‌టాప్ అంటరు. మొదట్ల ఏఎక్స్ రకంల ఆరు సీట్లు, పక్కబెంచీలు, టాప్ ఫిక్స్‌డ్. నీకు కన్వర్టిబుల్ కావాలె. 2023 జనవరిల వచ్చిన టూవీల్ డ్రైవ్ థార్ కంపెనీ నుంచి హార్డ్‌టాప్‌ల మాత్రమే వచ్చింది. దానికి బయట గుడ్డ టాప్ ఎక్కించి అమ్మితే గేరు పక్కన రెండో లివర్ ఉన్నదా లేదా చూడు, ఎమ్మటే తెలుస్తది. మల్ల, కన్వర్టిబుల్‌కు ఫైబర్ హార్డ్‌టాప్ ఎక్కించినోళ్లు ఒరిజినల్ టాప్ పారేస్తరు. కమ్మీలు, పక్క కిటికీలు, వాటి సంచి అన్నీ ఉన్నయా లెక్కపెట్టుకో.

మా హనుమకొండల ఒక డాక్టర్ సాబ్ దగ్గర 2021 పెట్రోల్ కన్వర్టిబుల్ ఉన్నది, ఒక్కటే చెయ్యి, ఏ సామాను ఎక్కించలే. 9.60 అంటుండు. నువ్వు వస్త అంటే నేను ముందు పోయి ప్లగ్గులు ఊడదీపిస్త.

గోదారిగట్టు

వస్తాను అన్నా. తెలంగాణ బండి అయితే కాగితాలు ఎలా?

కాగితాల రాయుడు

ముందు రవాణాశాఖ వెబ్‌సైటులో బండి నెంబరు కొట్టి లోను, చలానాలు, బ్లాక్‌లిస్టు చూసుకోండి. లోను ఉంటే అది తీరిందని బ్యాంకు నుంచి ఫారం 35 వచ్చాకే మిగతా డబ్బు. మీరు ఆంధ్రకి తీసుకెళ్తున్నారు కాబట్టి తెలంగాణ ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, దాంతోపాటు పేరు మార్పిడికి 29, 30 ఫారాల మీద అమ్మినవారి సంతకాలు. ఆంధ్రలో లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, బండి వయసుని బట్టి తగ్గుతుంది. తెలంగాణలో కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చు, ఓపిక ఉంటే. ఆ పన్ను ఎంతో ముందే రాజమండ్రి ఆఫీసులో కనుక్కోండి, మీరు పక్కన పెట్టుకున్న లక్షలో పెద్ద ముక్క అదే తింటుంది. బేరం ఆ లెక్క వేసుకుని ఆడండి. ఢిల్లీ నుంచి చవగ్గా వచ్చే డీజిల్ థార్లకి కూడా ఇదే లెక్క. అక్కడ 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద నిషేధం భయంతో ధర తగ్గించి అమ్ముతారు, ఇక్కడికొచ్చి పన్నూ రవాణా కలిపితే ఆ చవక ఎంత మిగులుతుందో చూసుకోవాలి.

గోదారిగట్టు

మిత్రులకి కబురు. హనుమకొండ వెళ్లాను. ఓరుగల్లు అన్న ముందే ప్లగ్గులు ఊడదీయించి పెట్టాడు, ఆయిలు శుభ్రంగా ఉంది. భద్రకాళి చెరువు దగ్గర ఖాళీ స్థలంలో 4హెచ్ మలుపు తిప్పాను, స్టీరింగ్ బిగిసింది, బాబాయ్ చెప్పినట్టే. లాకర్ ఠక్‌మంది. బెల్టుల చివర్లు కొత్తవాటిలా ఉన్నాయి. టాప్ మీద పైపుతో నీళ్లు పోయిస్తే డ్రైవరు వైపు అద్దం పైమూల నుంచి సన్నగా కారింది. వెనక ప్లాస్టిక్ కిటికీ పసుపెక్కింది. టైర్లు 2021వే. ఈ మూడూ చూపించి, పన్ను లెక్క కూడా చెప్పి 8.95కి ఒప్పించాను. టోకెన్ ఇచ్చాను, ఎన్‌ఓసీ రాగానే తెచ్చుకుంటాను.

ఇప్పుడు ఆ వెనక కిటికీ మాత్రమే మార్చించాలా, టాప్ మొత్తం కొత్తది వేయించాలా?

ఆటోనగర్ మస్తాన్

కుట్లు గట్టిగా ఉంటే కిటికీ ఒక్కటే మార్చొచ్చు. మా దగ్గర సీటు కవర్ల వాళ్లే మందపాటి ప్లాస్టిక్ తెచ్చి కుట్టేస్తారు, ఒక పూట పని. కుట్టిన గీత మీద సీలెంట్ పట్టించమను, లేకపోతే సూది రంధ్రాల్లోంచి కారుద్ది. ఆ మూల కారేది మాత్రం గుడ్డ తప్పు కాకపోవచ్చు, అద్దం ఫ్రేము పైన రబ్బరు సరిగ్గా కూర్చోలేదేమో. ముందు టాప్ ఒకసారి విప్పి మళ్లీ బిగించి చూడు, ఇద్దరు మనుషులుండాలి. అప్పటికీ కారితే రబ్బరు మార్చు. రాజమండ్రి పోయేటప్పుడు దారి కాస్త ఎక్కువైనా విజయవాడ మీదుగా రా, నేనే చూస్తా.

ఉప్పుగాలి

పాప సీటు ఐసోఫిక్స్‌ది తీసుకోండి, టాప్ తీసి వెళ్లేటప్పుడు టోపీకి తాడుండాలి. మారేడుమిల్లిలో అటవీశాఖ వాళ్లు రోడ్డు దిగి లోపలికి వెళ్లనివ్వరు, అడిగి వెళ్లండి.

సీమ బండి

అంతా అయినాక అడుగుతాండా, దుమ్ముకి ముక్కుగుడ్డలు ఎన్ని కొన్నావు?

గోదారిగట్టు

మా ఆవిడ డజను కొనేసింది అన్నా.